ఖాళీ గొట్టంలో రాగి ఎంత?

రక్తంలోనో మూత్రంలోనో రాగి కొలవాలని నా దగ్గరికి వచ్చే విద్యార్థులు ముందుగా అడిగేది రీఏజెంట్ గురించే, అంటే రాగితో కలిసి రంగునిచ్చే రసాయనం గురించే. నియోక్యుప్రోయిన్ వాడాలా, బాతోక్యుప్రోయిన్ వాడాలా, కిట్లలో వస్తున్న అజో రంగు వాడాలా? జవాబు చెప్పే ముందు నేనో ఎదురు ప్రశ్న వేస్తాను. శాంపిల్ తప్ప మిగతావన్నీ వేసిన గొట్టంలో రాగి ఎంత వచ్చింది? రోజూ కొలిస్తే వారం తిరిగేసరికి ఆ అంకె ఎంత ఊగింది? చాలామంది దగ్గర దీనికి సమాధానం ఉండదు. కొందరికైతే ప్రశ్నే అనవసరం అనిపిస్తుంది. ఆ ఖాళీ గొట్టాన్ని, అంటే బ్లాంక్‌ను, పెట్టి యంత్రాన్ని సున్నా చేసేశాం కదా, ఇంకా దాని గురించి మాట్లాడేదేముంది అంటారు.

మాట్లాడాల్సిందంతా అక్కడే ఉంది. రంగు పద్ధతిలో, అంటే వచ్చిన రంగు ఎంత ముదురుగా ఉందో చూసి, రాగి కొలవడం మీద నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. రీఏజెంట్ ఎంపిక ఆ పనిలో చిన్న ముక్క. అసలు బరువంతా రెండు పనుల మీద ఉంది: ప్రోటీన్ల పట్టులోంచి రాగిని పూర్తిగా విడిపించడం, బయటి రాగిని లోపలికి రానివ్వకపోవడం. ఈ రెండింటికీ రుజువు చూపించని అంకెను, ఎంత ఖరీదైన రంగుతో తీసినా సరే, నేను కొలతగా ఒప్పుకోను. ఇవి రెండూ చక్కగా జరిగినచోట, రంగు పద్ధతి పాతబడిపోయిందని కొట్టిపారేస్తే అదీ ఒప్పుకోను.

మనం ఎంత కొంచెం పదార్థం గురించి మాట్లాడుతున్నామో ముందు చూద్దాం. పెద్దవాళ్ల ఒంట్లో ఉండే మొత్తం రాగి 100 మిల్లీగ్రాముల చుట్టుపక్కల. ఆరోగ్యంగా ఉన్నవాళ్ల సీరంలో, అంటే రక్తం గడ్డకట్టాక మిగిలే తేటలో, డెసీలీటరుకు సుమారు 70 నుంచి 140 మైక్రోగ్రాములు. డెసీలీటరుకు 100 మైక్రోగ్రాములు అంటే లీటరుకు 16 మైక్రోమోల్స్‌కు కాస్త తక్కువ. స్కూల్లో కాపర్ సల్ఫేట్‌లో అమ్మోనియా పోస్తే ముదురు నీలం వచ్చి అందరూ నోరెళ్లబెట్టి చూశాం. ఆ నీలం నిజానికి చాలా బలహీనమైన రంగు. ఒక మోలార్ ద్రావణం ఒక సెంటీమీటరు మందంలో ఎంత వెలుతురును పీల్చుకుంటుందో చెప్పే మోలార్ శోషణ గుణకం దానికి సుమారు 50. సీరంలో ఉన్నంత రాగికి అమ్మోనియా పోస్తే వచ్చే అబ్జార్బెన్స్, అంటే వెలుతురును పీల్చుకున్న కొలత, 0.001 కూడా ఉండదు. అక్కడ కంటికే కాదు, యంత్రానికి కూడా ఏమీ కనిపించదు.

అందుకే బలమైన రంగునిచ్చే రీఏజెంట్ల వేట మొదలైంది. 1929లో కాలన్, హెండర్సన్ సోడియం డైఇథైల్‌డైథయోకార్బమేట్‌తో రాగిని కొలిచే పద్ధతి ఇచ్చారు. రాగి కలిస్తే బంగారు గోధుమరంగు వస్తుంది, గుణకం 13 వేల దాకా ఉంటుంది. ఆ సమ్మేళనం నీళ్లలో కరగదు కాబట్టి కార్బన్ టెట్రాక్లోరైడ్‌లోకి లాగాలి. ఆ ద్రావణి కాలేయానికి విషం. పైగా ఈ రీఏజెంట్ రాగిని మాత్రమే పట్టుకుంటుందన్న హామీ లేదు. ఇనుము, నికెల్, కోబాల్ట్, బిస్మత్ అన్నిటితోనూ చేయి కలుపుతుంది. లోహాలను పట్టేసుకునే ఇడిటిఎ వేసి మొదటి మూడింటి నోరు మూయించవచ్చు, బిస్మత్ మాత్రం మాట వినదు.

నాకు అన్నిటికన్నా ఇష్టమైన కథ దీని తర్వాతది. ఫినాంత్రోలిన్ అనే అణువు ఇనుముకు ప్రసిద్ధ రీఏజెంట్. మూడు ఫినాంత్రోలిన్లు ఒక ఫెర్రస్ అయాన్‌ను చుట్టుముడితే నారింజ ఎరుపు వస్తుంది. సీరంలో ఇనుమూ రాగీ దాదాపు ఒకే స్థాయిలో ఉంటాయి, కాబట్టి రాగి కొలిచేవాళ్లకు ఈ అణువు పనికిరాదు. ఇలినాయ్ విశ్వవిద్యాలయంలో జి. ఫ్రెడరిక్ స్మిత్, మెక్‌కర్డీ 1952లో ఆ అణువుకే రెండు మిథైల్ గుంపులు తగిలించి చూశారు. అవి ఎక్కడో దూరంగా లేవు, లోహాన్ని పట్టుకునే రెండు నైట్రోజన్లకు సరిగ్గా పక్కనే, 2, 9 స్థానాల్లో ఉన్నాయి. ఇనుము చుట్టూ మూడు అణువులు చేరాలంటే ఈ మిథైళ్లు ఒకదానికొకటి అడ్డం పడి చోటు చాలదు. ఒక ఎలక్ట్రాన్ పోగొట్టుకున్న రాగికి, అంటే క్యుప్రస్ అయాన్‌కు, రెండే చాలు. అవి చతుర్ముఖి ఆకారంలో ఒకదానికొకటి అడ్డంగా తిరిగి హాయిగా కూర్చుంటాయి. దాంతో ఇనుము దానంతటదే తప్పుకుంది, రాగి ఒక్కటే మిగిలింది. అదే నియోక్యుప్రోయిన్. 454 నానోమీటర్ల దగ్గర పసుపు నారింజ, గుణకం సుమారు 7,950. మరుసటి ఏడాదే అదే అణువుకు ఇంకో రెండు ఫినైల్ వలయాలు చేర్చి బాతోక్యుప్రోయిన్ తెచ్చారు. గుణకం 14 వేలకు పెరిగింది. దానికి సల్ఫోనేట్ గుంపులు కలిపాక నీళ్లలోనే కరిగిపోయింది, ద్రావణిలోకి లాగే బాధ తప్పింది. ఈ సల్ఫోనేట్ రూపం 480 నానోమీటర్లకు కాస్త అటుగా, 12 నుంచి 13 వేల గుణకంతో పనిచేస్తుంది.

అజో రంగులు దీన్ని దాటిపోయాయి. 1989లో జపాన్ పరిశోధకులు సీరంలో నేరుగా రాగి కొలవడానికి వాడిన డైబ్రోమో పిరిడైలజో రంగు 580 నానోమీటర్ల దగ్గర బాతోక్యుప్రోయిన్ కన్నా నాలుగు రెట్లకు పైగా బలంగా వెలుతురును పీల్చుకుంటుంది. ప్రోటీన్‌ను అవక్షేపం చేయకుండా, సెంట్రిఫ్యూజ్ తిప్పకుండా, గొట్టంలో సీరం వేసి రీఏజెంట్లు కలిపి చదివేయవచ్చు. చాలా కిట్ల వెనుక ఈ కుటుంబానికి చెందిన రంగే ఉంటుంది.

ఇంత చక్కటి రసాయనశాస్త్రం చేతిలో ఉన్నాక ఎవరికైనా రంగే పద్ధతి అనిపించడం సహజం. కానీ ఈ రంగులన్నీ పట్టుకునేది చేతికందిన రాగిని మాత్రమే. సీరంలో రాగి చేతికందేలా ఉండదు.

1948లో హోల్మ్‌బర్గ్, లారెల్ సీరం నుంచి ఒక నీలిరంగు ప్రోటీన్‌ను వేరు చేసి సెరులోప్లాస్మిన్ అని పేరు పెట్టారు. ఒక్కో అణువులో ఆరు రాగి పరమాణువులు ఉంటాయి. సీరం రాగిలో సింహభాగం ఇందులోనే బందీగా ఉంటుంది. మిగిలింది ఆల్బుమిన్ మీద, హిస్టిడిన్ లాంటి అమైనో ఆమ్లాల మీద వదులుగా ఉంటుంది. ఈ తేడా ఎంత పెద్దదో 1950ల మొదట్లో యూటాలో గబ్లర్, కార్ట్‌రైట్, విన్‌ట్రోబ్ బృందం చూపించింది. ఆమ్లం వేయకుండా సీరంలో నేరుగా పైన చెప్పిన కార్బమేట్ కలిపితే కొంచెం రంగే వస్తుంది. ముందు ఆమ్లంతో విడిపించి ఆ తర్వాత కలిపితే మొత్తం వస్తుంది. మొదటిదాన్ని నేరుగా స్పందించే రాగి అన్నారు, అది ఆల్బుమిన్ మీదున్నది. రెండోదాంట్లో అదనంగా కనిపించింది సెరులోప్లాస్మిన్‌ది. అదే సీరం, అదే రీఏజెంట్, మధ్యలో ఒక్క ఆమ్లం అడుగు తేడా.

మామూలుగా చేసే పద్ధతి ఇలా ఉంటుంది. సీరంలో హైడ్రోక్లోరిక్ ఆమ్లం వేసి కాసేపు వదిలేస్తాం. ట్రైక్లోరోఎసిటిక్ ఆమ్లం వేయగానే గొట్టమంతా పాలలా తెల్లబడుతుంది. సెంట్రిఫ్యూజ్‌లో తిప్పితే అడుగున తెల్లటి ముద్ద, పైన తేట. ఆ తేటను జాగ్రత్తగా తీసి ఎసిటేట్ బఫర్, ఆస్కార్బిక్ ఆమ్లం, చివర్లో రంగు రీఏజెంట్ కలుపుతాం. ఆస్కార్బిక్ ఆమ్లం క్యుప్రిక్‌ను, అంటే రెండు ఎలక్ట్రాన్లు పోగొట్టుకున్న రాగిని, క్యుప్రస్‌గా మారుస్తుంది. కొన్ని నిమిషాలకు లేత నారింజ ఛాయ తేలుతుంది. తెల్ల కాగితం ముందు పెట్టి, పక్కన బ్లాంక్‌ను పట్టుకుని చూస్తే తప్ప తెలియనంత లేతగా ఉంటుంది. ఆ ఛాయ చూసినప్పుడల్లా నాకు ఇప్పటికీ సంతోషంగా ఉంటుంది.

ఇక్కడే ఒక తర్కం తప్పుదారి పట్టిస్తుంది. పద్ధతి సరిగా పనిచేస్తోందని చూపించడానికి అందరూ చేసే పరీక్ష రికవరీ. సీరంలో తెలిసినంత కాపర్ సల్ఫేట్ కలిపి, అదంతా తిరిగి కొలతలో వచ్చిందా అని చూస్తారు. 98 శాతమో 101 శాతమో వస్తుంది. పద్ధతి ధృవపడిందని రాసేస్తారు. కానీ కొత్తగా కలిపిన రాగి వెళ్లి కూర్చునేది ఆల్బుమిన్ మీద. ఆమ్లం తగలగానే అది చటుక్కున ఊడి వస్తుంది. సెరులోప్లాస్మిన్ లోపలి రాగి గురించి ఈ పరీక్ష ఒక్క ముక్క కూడా చెప్పదు. ఆ లోపలి రాగిలో సగమే బయటికి వచ్చినా, కలిపిన రాగి రికవరీ మాత్రం నూటికి నూరుగానే కనిపిస్తుంది. దీన్ని నేను సిద్ధాంత వ్యాసాల్లోనూ పద్ధతుల పత్రాల్లోనూ మళ్లీ మళ్లీ చూస్తుంటాను. రాసినవాళ్లు నిజాయితీగానే రాశారు, పరీక్ష కూడా శ్రద్ధగానే చేశారు. ఆ పరీక్ష వేరే ప్రశ్నకు జవాబు ఇచ్చింది, అంతే.

విడుదల పూర్తయిందని తెలుసుకోవడానికి మార్గాలున్నాయి. అదే సీరాన్ని ఒకవైపు నైట్రిక్ ఆమ్లంతో పూర్తిగా జీర్ణం చేసి, సేంద్రియ పదార్థమంతా కాల్చేసి కొలవాలి. మరోవైపు మామూలు పద్ధతిలో కొలవాలి. రెండూ కలిస్తే విడుదల పూర్తయినట్టు. లేదా రాగి విలువ ధృవీకరించిన రెఫరెన్స్ సీరం కొని దానితో సరిచూడాలి. ఇవేవీ చేతిలో లేకపోయినా, ఆమ్లంలో ఉంచే సమయాన్ని మార్చి చూడటానికి ఖర్చేమీ లేదు. 2 నిమిషాలు, 5, 10, 20, 30. అంకె పెరుగుతూనే ఉంటే మీరు ఇంకా దారిలోనే ఉన్నారు. ఒకచోట నిలబడితే చేరినట్టు. ప్రోటీన్ తీయకుండా నేరుగా చదివే కిట్లకు ఇది మరీ అవసరం, ఎందుకంటే వాటిలో ఆమ్లం అంత తీవ్రంగా ఉండదు. కిట్ కాగితం మీద ఎన్ని నిమిషాలు రాసి ఉన్నా, మీ గదిలో మీ ఉష్ణోగ్రత దగ్గర ఆ వక్రరేఖ ఒక్కసారైనా గీసుకోవాలి.

విడిపించడం గురించి చెప్పాను. ఇక బయటి రాగి సంగతి.

రాగి మన చుట్టూ ఉంది. ఇత్తడి కుళాయిల్లో, తీగల్లో, ధూళిలో ఉంది. ఆమ్లాల్లో, బఫర్ ఉప్పుల్లో, ఆస్కార్బిక్ ఆమ్లం సీసాలో ఎంతోకొంత ఉంటుంది. లోహపు స్టిల్‌లో తీసిన నీళ్లలో ఉంటుంది. నీలిరంగు ప్లాస్టిక్‌కు ఆ రంగునివ్వడానికి విరివిగా వాడే థాలోసయనిన్ వర్ణకం మధ్యలో కూర్చున్నది రాగి పరమాణువే. ఆ వర్ణకం రాగిని గట్టిగానే పట్టుకుంటుంది, అయినా నైట్రిక్ ఆమ్లంలో ముంచే పనికి నేను రంగులేని పిపెట్ టిప్స్ తప్ప వాడనివ్వను. రక్తం తీసే మామూలు గొట్టాల రబ్బరు మూతల నుంచి లోహాలు రాలుతాయి కాబట్టి సూక్ష్మ లోహాల కోసం విడిగా తయారుచేసిన గొట్టాలున్నాయి.

ఒకమ్మాయి మా బల్ల దగ్గర పని నేర్చుకుంటున్నప్పుడు జరిగిన సంభాషణ చెబుతాను. "మేడమ్, బ్లాంక్ 0.030 వచ్చింది, శాంపిల్ 0.080. తీసేస్తే 0.050. బానే ఉంది కదా?" అంది. "ఇంకో నాలుగు బ్లాంకులు పెట్టమ్మా" అన్నాను. పెట్టింది. ఒకటి 0.018, ఒకటి 0.045, మిగతావి వాటి మధ్య ఎక్కడెక్కడో. ఆమె కాసేపు ఆ కాగితం వైపే చూసింది. తర్వాత అడగకుండానే గొట్టాలన్నీ తీసుకెళ్లి పదిశాతం నైట్రిక్ ఆమ్లంలో నానబెట్టింది. మర్నాడు డీఅయొనైజ్డ్ నీళ్లతో పలుమార్లు కడిగి, మూతబెట్టిన డబ్బాలో ఆరబెట్టి మళ్లీ చేసింది. ఈసారి బ్లాంకులన్నీ 0.012 దగ్గర ఒకదాన్నొకటి అంటిపెట్టుకుని వచ్చాయి. శాంపిల్ అంకె కూడా మారింది.

బ్లాంక్‌ను తీసివేయవచ్చు, దాని ఊగిసలాటను తీసివేయలేం. తల్లి బిడ్డను ఎత్తుకుని కాటా ఎక్కితే, తల్లి బరువు తీసేసి బిడ్డ బరువు చెప్పవచ్చు. కానీ తల్లి బరువే ఎక్కిన ప్రతిసారీ రెండు కిలోలు అటూ ఇటూ చూపించే కాటా మీద మూడు కిలోల పసిబిడ్డ బరువు తేలదు. బ్లాంక్ పెద్దదైనా పర్లేదు, కదలకుండా ఉంటే పనికొస్తుంది. చిన్నదైనా ఊగుతుంటే పనికిరాదు. అందుకే సగటు ఒక్కటే రాసి ఊరుకుంటే చాలదు, ఎంత ఊగిందో కూడా రాయాలి.

దీన్ని అంకెల్లోకి దించితే ఏ శాంపిల్‌కు రంగు పద్ధతి సరిపోతుందో, దేనికి సరిపోదో తేటతెల్లమవుతుంది. బ్లాంక్ ప్రామాణిక విచలనం, అంటే దాని ఊగిసలాట కొలత, 0.002 అనుకుందాం. మంచి చేతికి అది సాధ్యమే. దానికి మూడు రెట్లు, అంటే 0.006 కన్నా తక్కువ తేడాను నమ్మలేం. 13 వేల గుణకంతో అది క్యూవెట్‌లో, అంటే యంత్రంలో పెట్టే చిన్న పాత్రలో, 0.46 మైక్రోమోలార్, అంటే లీటరుకు 29 మైక్రోగ్రాములు. సీరం నాలుగింతలు పలుచనైందనుకుంటే అసలు సీరంలో డెసీలీటరుకు 12 మైక్రోగ్రాములు మన కనిష్ఠ హద్దు. మామూలు విలువ 100 చుట్టూ కాబట్టి ఇది చాలు. 100 మైక్రోగ్రాముల సీరం ఈ లెక్కన 0.05 అబ్జార్బెన్స్ ఇస్తుంది. 40కి పడిపోయిన సీరాన్ని దాన్నుంచి నిస్సందేహంగా వేరు చేయవచ్చు. అజో రంగుతో అయితే ఇంకా నిశ్చింతగా చేయవచ్చు.

మూత్రం దగ్గరికి వచ్చేసరికి కథ మారిపోతుంది. ఆరోగ్యవంతులు రోజు మొత్తంలో విసర్జించే రాగి 40, 50 మైక్రోగ్రాములు దాటదు. ఒంట్లో రాగి పేరుకుపోయే విల్సన్ వ్యాధిని అనుమానించే హద్దు పెద్దవాళ్లలో రోజుకు 100 మైక్రోగ్రాములు, పిల్లల్లో 40 నుంచే జాగ్రత్తపడమంటారు. లీటరున్నర మూత్రంలో 100 మైక్రోగ్రాములంటే లీటరుకు 67. రీఏజెంట్లు కలపడంలో రెండింతలు పలుచన చేస్తే మన కనిష్ఠ హద్దు లీటరుకు 58. అంటే ఎక్కడైతే వైద్యుడు నిర్ణయం తీసుకోవాలో సరిగ్గా అక్కడే ఈ పద్ధతి చూపు మసకబారుతుంది. పిల్లల హద్దు, లీటరుకు 27, పూర్తిగా చీకట్లో ఉంటుంది. మూత్రాన్ని ఆవిరిచేసి గాఢత పెంచవచ్చు, ద్రావణిలోకి లాగి చిక్కబరచవచ్చు. కానీ అలా చేస్తే అందులోని ఉప్పులూ పెరుగుతాయి, ఆమ్లాల నుంచి వచ్చే రాగి కూడా పోగవుతుంది. రోగ నిర్ధారణ కోసం తీసిన మూత్రాన్ని మామూలు రంగు పద్ధతికి పంపడం నా దృష్టిలో తప్పు. ఇంత సూటిగా ఎందుకు చెబుతున్నానంటే, ఆ అంకె మీద ఒక మనిషి జీవితాంతం మందు వేసుకోవాలా వద్దా అన్నది ఆధారపడి ఉంటుంది.

పెనిసిలమిన్ మందు వాడుతున్నవాళ్ల మూత్రం వేరే లెక్క. 1956లో జాన్ వాల్ష్ విల్సన్ వ్యాధికి ఈ మందును తెచ్చాక, అది రాగిని పట్టుకుని మూత్రంలోకి తోసేయడం అందరూ చూశారు. చికిత్స మొదట్లో రోజుకు వెయ్యి మైక్రోగ్రాములు దాటడం మామూలే. ఆ మొత్తానికి రంగు పద్ధతి చక్కగా చాలుతుంది. షరతు ఒకటే, పెనిసిలమిన్ పట్టును ముందు ఆమ్లంతో కాల్చి విడగొట్టాలి, లేకపోతే రీఏజెంట్ మందుతో పెనుగులాడాల్సి వస్తుంది.

కాలేయం ముక్క గురించి రెండు మాటలు. సూదితో తీసిన ముక్క ఎండాక రెండు మిల్లీగ్రాములు ఉంటుందనుకోండి. విల్సన్ వ్యాధిని సూచించే హద్దు ఎండు బరువులో గ్రాముకు 250 మైక్రోగ్రాములు. అంటే ఆ ముక్కలో అర మైక్రోగ్రాము రాగి. రెండు మిల్లీలీటర్లలో కరిగిస్తే 0.05 అబ్జార్బెన్స్, కొలవగలం. ఆరోగ్యంగా ఉన్న కాలేయంలో గ్రాముకు 50 లోపే, 30 అనుకుంటే 0.006. అది సరిగ్గా మన హద్దు మీదే పడింది. కాబట్టి బాగా ఎక్కువ ఉంటే చెప్పగలం, మామూలుగా ఉందో మధ్యస్థంగా ఉందో చెప్పడం కష్టం. దీనికి తోడు, ముక్కను నైట్రిక్ ఆమ్లంలో జీర్ణం చేశాక మిగిలిపోయే నైట్రోజన్ ఆక్సైడ్లు ఆస్కార్బిక్ ఆమ్లాన్ని తినేస్తాయి. క్యుప్రస్‌గా మారాల్సిన రాగి మారదు, రంగు తగ్గుతుంది. ఆ ఆవిర్లు పూర్తిగా పోయేదాకా వేడిచేయడం విసుగు పుట్టించే పని, అయినా తప్పదు.

సీరం సొంత రంగు ఇంకో తగాదా. పచ్చకామెర్ల రోగి సీరంలో బిలిరుబిన్ 450 నానోమీటర్ల దగ్గర బలంగా వెలుతురును పీల్చుకుంటుంది, నియోక్యుప్రోయిన్ చదివేది 454 దగ్గర. కాలేయ జబ్బులో రాగి కొలవాలనుకున్నవాళ్ల సీరమే పచ్చగా ఉంటుంది. అజో రంగుతో 580కి జరిగితే బిలిరుబిన్ బెడద తగ్గుతుంది, కానీ ఆక్సీహిమోగ్లోబిన్ శిఖరం 577 దగ్గర కాచుకుని ఉంది. ఎర్రకణాలు పగిలితే జింక్ కొలతలో అసలు లోహమే పెరిగిపోతుంది, రాగికి ఆ బాధ తక్కువ, ఎందుకంటే ఎర్రకణాల్లోనూ ప్లాస్మాలోనూ రాగి దాదాపు సమానంగానే ఉంటుంది. కానీ హిమోగ్లోబిన్ ఎరుపు మాత్రం రాగి వేషం వేసుకుని క్యూవెట్‌లో నిలబడుతుంది. దీనికి విరుగుడు శాంపిల్ బ్లాంక్: అన్నీ వేసి, రంగు రీఏజెంట్ ఒక్కటే వేయని గొట్టం. రీఏజెంట్ బ్లాంక్‌తో పాటు ఇది ప్రతి శాంపిల్‌కూ విడిగా పెట్టాలి. పని రెట్టింపవుతుంది, అందుకే చాలాచోట్ల దీన్ని వదిలేస్తారు. నేను వదలనివ్వను.

ఇంత చెప్పాక, మరి ఇదంతా ఎందుకు, పరమాణువులను బరువును బట్టి లెక్కపెట్టే ఐసీపీ మాస్ స్పెక్ట్రోమీటర్ ఉంది కదా అని అడుగుతారు. అలన్ వాల్ష్ 1955లో లోహ పరమాణువులే పీల్చుకునే వెలుతురును కొలిచే అటామిక్ అబ్జార్బ్‌షన్ పద్ధతిని ప్రతిపాదించినప్పటి నుంచి రంగు పద్ధతుల పని అయిపోయిందన్న మాట వినిపిస్తూనే ఉంది. మాస్ స్పెక్ట్రోమీటర్ గొప్ప పరికరం, మూత్రానికి, కాలేయం ముక్కకు నేనూ దానివైపే చూపిస్తాను. అయితే అది మాయాదర్పణం కాదు. రాగి 63 బరువు దగ్గర ఆర్గాన్ 40, సోడియం 23 జతకట్టి వచ్చి కూర్చుంటాయి. సీరం అంటేనే సోడియం. దాన్ని తప్పించడానికి హీలియం ఢీకొట్టే గది కావాలి, లేదా 65 బరువును చదవాలి. ఇక మురికి గొట్టం లోంచి వచ్చిన రాగిని ఆ యంత్రం మరింత నమ్మకంగా, మరిన్ని దశాంశాలతో చూపిస్తుంది. గొట్టం కడగని ప్రయోగశాలకు కోట్లు పెట్టి యంత్రం కొనిచ్చినా గొట్టం మురికిగానే ఉంటుంది. రంగు పద్ధతికి కావాల్సింది ఒక స్పెక్ట్రోఫొటోమీటర్, శుభ్రమైన ఆమ్లం, ఓపిక. సీరంలో మొత్తం రాగి కావాలంటే ఇవి చాలు. ఇవి అందుబాటులో ఉన్న చోట్ల, పెద్ద యంత్రం లేదన్న కారణంతో రోగికి పరీక్షే చేయకపోవడం నాకు బాధ కలిగిస్తుంది. కడుపు శస్త్రచికిత్స తర్వాత, లేదా జింక్ అతిగా పుచ్చుకుని రాగి లోపించినవాళ్లకు రక్తహీనత వస్తుంది, తెల్లకణాలు తగ్గుతాయి, వెన్నుపాము దెబ్బతిని నడక తడబడుతుంది. ఆ తడబాటును వేరే జబ్బుగా పొరబడే అవకాశం ఎక్కువ. ఒక సీరం రాగి అంకె అప్పుడు దారి చూపిస్తుంది, దానికి రంగు పద్ధతి పూర్తిగా సరిపోతుంది.

మొత్తం రాగి అంకె ఒంటరిగా ఏం చెబుతుందన్నది మరో చిక్కు. విల్సన్ వ్యాధిని కిన్నియర్ విల్సన్ 1912లో వర్ణించారు, దాని వెనకున్న ఏటీపీ7బీ జన్యువు 1993లో దొరికింది. ఈ జబ్బులో ఒళ్లంతా రాగి పేరుకుంటుంది, కార్నియా అంచున గోధుమరంగు వలయం కూడా కడుతుంది. అయినా సీరంలో మొత్తం రాగి తరచు తక్కువగానే వస్తుంది. సెరులోప్లాస్మిన్ తగ్గిపోవడమే దానికి కారణం, ఆ సంగతి షైన్‌బర్గ్, గిట్లిన్ 1952లో చూపించారు. మరోవైపు గర్భిణుల్లో, ఈస్ట్రోజన్ మాత్రలు వాడేవాళ్లలో, ఒంట్లో వాపు ఉన్నప్పుడు సెరులోప్లాస్మిన్ పెరిగి రాగి అంకె పైకి పోతుంది, వాళ్లకు రాగి జబ్బేమీ ఉండదు. అందుకని మొత్తం రాగిలోంచి సెరులోప్లాస్మిన్ మిల్లీగ్రాములకు మూడు రెట్లు తీసేసి మిగిలినదాన్ని స్వేచ్ఛా రాగిగా లెక్కగట్టే అలవాటు వచ్చింది. రాగి 100 మైక్రోగ్రాములు, సెరులోప్లాస్మిన్ 30 మిల్లీగ్రాములు అయితే మిగిలేది 10. ఇప్పుడు రాగి కొలతలో 8 శాతం తప్పు ఉందనుకోండి, మొత్తం మీద అదేమంత పెద్దది కాదు. కానీ స్వేచ్ఛా రాగి 2 నుంచి 18 మధ్య ఎక్కడైనా ఉండొచ్చు. సెరులోప్లాస్మిన్‌ను యాంటీబాడీలతో కొలిస్తే రాగి లేని ఖాళీ ప్రోటీన్ కూడా లెక్కలోకి వచ్చి, జవాబు సున్నా కన్నా తక్కువకు కూడా దిగుతుంది. రెండు పెద్ద అంకెల మధ్య చిన్న తేడాను ఇలా పిండడం నాకు సమ్మతం కాదు. వదులుగా ఉన్న రాగిని ఇడిటిఎతో లాగి, వడపోసి, నేరుగా కొలిచే పద్ధతి ఇప్పుడు ఉంది. మొత్తం రాగిలో అది 18.5 శాతం దాటితే విల్సన్ వ్యాధిని సూచిస్తుంది. ఆ వడపోత నీళ్లలో ఉండేది ఒక మైక్రోమోలార్‌కు అటూ ఇటూ కాబట్టి, పైన వేసిన లెక్క ప్రకారం అది రంగు పద్ధతికి అందనంత దూరంలో లేకపోయినా, నమ్మదగినంత దగ్గరలో లేదు. దానికి అటామిక్ అబ్జార్బ్‌షన్‌లో మరింత సూక్ష్మమైన గ్రాఫైట్ ఫర్నేస్ వాడాలి.

ఇంకొకటి మధ్యలో చెప్పడం మరిచాను. బాతోక్యుప్రోయిన్ వేసి రంగు వచ్చింది కాబట్టి ఈ కణజాలంలో రాగి క్యుప్రస్ రూపంలోనే ఉంది అని కొందరు తేల్చేస్తుంటారు. అలా తేల్చకూడదు. ఆ రీఏజెంట్ క్యుప్రస్‌ను ఎంత గట్టిగా పట్టుకుంటుందంటే, చుట్టుపక్కల ఎలక్ట్రాన్ ఇచ్చే క్షయకరణి ఏ కాస్త ఉన్నా క్యుప్రిక్‌ను కూడా క్యుప్రస్‌గా మార్చి తనవైపు లాగేసుకుంటుంది. ఆహారంలో యాంటీఆక్సిడెంట్లు కొలిచే క్యుప్రాక్ పరీక్ష నడిచేది నియోక్యుప్రోయిన్‌కున్న ఇదే గుణం మీద. మొత్తం ఎంతో చెప్పడానికి ఇది మంచి సాక్షి, ముందు ఏ రూపంలో ఉందో చెప్పడానికి కాదు.

కాబట్టి పద్ధతుల పత్రాలు చదివి సలహా చెప్పే అవకాశం వచ్చినప్పుడల్లా నేను అడిగే పట్టిక ఒకటుంది. రీఏజెంట్ బ్లాంక్ సగటు, దాని విచలనం, ఎన్ని బ్లాంకులు, ఎన్ని రోజుల్లో. దాన్నుంచి వచ్చిన కనిష్ఠ హద్దు, అబ్జార్బెన్స్‌లో కాకుండా అసలు శాంపిల్ యూనిట్లలో. ఆమ్లంలో ఉంచిన సమయానికీ అంకెకూ ఉన్న వక్రరేఖ. జీర్ణం చేసిన సీరంతోనో రెఫరెన్స్ సీరంతోనో పోలిక. శాంపిల్ బ్లాంక్ పెట్టారా లేదా. ఇవన్నీ అరపేజీకి మించవు. హద్దు కన్నా తక్కువ వచ్చిన శాంపిల్ పక్కన అంకె రాయకుండా, "లీటరుకు 58 మైక్రోగ్రాముల కన్నా తక్కువ" అని రాయాలి. ఆ గడిలో యంత్రం చూపించిన 21.4ను అలాగే దించి రాసిన రిపోర్టును నేను సంతకం పెట్టకుండా తిప్పి పంపిస్తాను.